వలస వచ్చిన రాళ్లు

రాతికి స్థిరత్వమును, మనిషికి చాంచల్యమును అంటగట్టి మాటలాడుట మనకు తాతముత్తాతలనాటి అలవాటు. తన మాట చిరకాలము నిలువవలెనని కోరిన రాజు రాతినే వెదకి శాసనము చెక్కించెను; మనసు కరగనివానిని మనము బండరాయి యంటిమి; ఆస్తిపాస్తుల దస్తావేజులలో సైతము కదలునదానికొక పద్దు, కదలనిదానికి వేరొక పద్దు వ్రాసికొంటిమి. కలకత్తా నగరమున, ఉన్నత న్యాయస్థానమునకు, రాజభవనమునకు సమీపమున, గుమాస్తాల తొక్కిసలాటకు ఒక్క ప్రహరీగోడ మాత్రమే ఎడముగా నిలిచియున్న సెయింట్ జాన్స్ చర్చిని, దాని చుట్టునున్న తోటను ఒక పూట తీరికగా చూచినప్పటినుండి ఈ విషయమున నా నమ్మకము కొంత సడలినది. అక్కడి రాళ్లలో పుట్టినచోట ఉన్నది ఒక్కటియు లేదు. కొన్ని రెండుమార్లు, కొన్ని మూడుమార్లు ఇల్లు మారినవి. మనుష్యులు మాత్రము కదలక మెదలక, పాతిపెట్టినచోటనే పడియున్నారు.

ఇందులో వింత లేదనియు చెప్పవచ్చును. దక్షిణ బంగాళము గంగ తెచ్చిపోసిన ఒండ్రుమట్టి దేశము. అక్కడ ఎంత లోతు త్రవ్వినను మట్టియే కాని రాయి తగులదు. ఇల్లు కట్టదలచినవారు మట్టినే కాల్చి ఇటుక చేసికొనవలెను, దేవాలయమునకైనను మట్టి పలకలపైననే బొమ్మలు తీర్చుకొనవలెను. కావుననే ఈ చర్చి లేచినప్పుడు ఊరివారు దానిని 'పాథురే గిర్జా' అనిరి, అనగా రాతి చర్చి. ఏ ఊరి ప్రక్క చూచినను ఒక గుట్టయో బోడికొండయో కనబడు మనవంటివారికి, రాతితో కట్టుటయే ఒక కట్టడమునకు చాలినంత బిరుదు కాగలదన్న సంగతి తట్టదు.

ఆ చర్చికి పూర్వము కలకత్తాలో ఆంగ్లేయులకు సెయింట్ ఆన్స్ అను చర్చి ఉండెను. 1756లో బంగాళ నవాబు సిరాజుద్దౌలా నగరమును పట్టుకొన్నప్పుడు అది ధ్వంసమయ్యెను. మరుసటి యేట ప్లాసీలో రాజ్యమును సంపాదించినవారు, దేవునికొక ఇల్లు కట్టుటకు మాత్రము ముప్పది సంవత్సరముల వ్యవధి తీసికొనిరి. తుదకు 1784లో పునాది పడినది, 1787లో ప్రతిష్ఠ జరిగినది. స్థలమిచ్చినది శోభాబజారు మహారాజు నవకృష్ణదేవ్. క్లైవునకు మున్షీగా పనిచేసి పైకి వచ్చినవాడు, తన ఇంట జరిపిన దుర్గాపూజకు నేటికిని పేరుగన్నవాడు. ధనము చాలక లాటరీ వేసి కొంత కూర్చిరి. దుర్గను కొలుచువాని భూమిలో, జూదపు సొమ్ముతో, క్రీస్తు పేర లేచిన మందిరమని మన పౌరాణికులెవరైన విన్నచో దీనికొక స్థలపురాణమునే అల్లియుందురు. కట్టిన జేమ్స్ ఆగ్ ఈస్టిండియా కంపెనీ సైన్యమున లెఫ్టినెంటు. అతడు లండనులోని సెయింట్ మార్టిన్-ఇన్-ది-ఫీల్డ్స్ చర్చిని మనసులో పెట్టుకొని, స్తంభముల వరుసలు, వాటి మీద నూటడెబ్బదినాలుగు అడుగుల ఎత్తున మొనదేలిన రాతి శిఖరము నిలిపెను. 1847లో సెయింట్ పాల్స్ సిద్ధమగువరకు బిషపు పీఠము ఇక్కడనే ఉండెను. పిమ్మట పెద్దరికము దానికి పోయి, ఇది ఒక పేట సంఘపు చర్చిగా మిగిలినది. ఇంటి పెత్తనము కొడుకున కప్పగించిన ముసలివారి ముఖములందు కనబడు నెమ్మది ఈ కట్టడమునకు అప్పుడే వచ్చియుండునని నాకు తోచినది.

లోనికి పోవునప్పుడు చెప్పులు మెట్ల దగ్గరనే విడిచితిని. మన పల్లెలలో గుడికి వలెనే చర్చికిని చెప్పులు విడిచియే పోవుదురు. ఆ అలవాటు కాళ్లకున్నది కాని తలకు లేదు. కాపలాదారు నవ్వి, అక్కరలేదన్నట్లు చేయి ఊపెను. కాని విడుచుటయే మేలైనది. నీలివన్నె కలిసిన బూడిదరంగు రాతిపలకల నేల, బయట ఎండ మండుచున్నను, అరికాళ్లకు కుండనీటివలె చల్లగా తగిలెను. ఆ పలకలు గౌడ నగరపు శిథిలములనుండి వచ్చినవి.

ఇక్కడ కొంతసేపు ఆగక తప్పదు. గౌడమనగా మనకు పరాయి ఊరు కాదు. సేన రాజుల నాడు అది లక్ష్మణావతి. మన భజన మందిరములలో నేటికిని తాళము తప్పక పాడుకొను అష్టపదులను రచించిన జయదేవుడు ఆ లక్ష్మణసేనుని ఆస్థానమువాడని సంప్రదాయము. పిమ్మట అది సుల్తానుల రాజధాని యయ్యెను. ఆ ప్రాంతమున వారు కట్టిన మసీదులలో అంతకు పూర్వపు దేవాలయముల రాళ్లు చేరియున్నవని చూచినవారందరు వ్రాసిరి. చెక్కడపు ముఖమును గోడలోనికి త్రిప్పి, నున్నని వీపును బయటికి పెట్టి పేర్చిన రాళ్లు కూడ ఉన్నవట. 1575లో మహమ్మారి వచ్చి ఊరు ఊరే పాడుపడినది. ఆ మీదట రెండువందల సంవత్సరములు గౌడము పనియేమనగా, చుట్టుప్రక్కల ఎవరికి ఏ మేడ కావలసినను ఇటుకలు, రాళ్లు ఇచ్చుటయే. నవాబుల లెక్కలలో గౌడపు ఇటుకల వెల యని ఒక పద్దే ఉండెడిది. పాడుపడిన రాజధానిని విప్పుకొని పోవుటకు చుట్టుప్రక్కల జమీందారులు కట్టు రుసుము అది. ఇట్టి ఏర్పాటు ఉన్నచోట కంపెనీవారికి సందేహమెందుకు కలుగును? మాల్దాలో కంపెనీ వ్యాపారము చూచుచుండిన చార్లెస్ గ్రాంటు ఈ దైవకార్యమునకు పూనుకొని, రాళ్లు ఏరించి పడవలకెత్తించెను. అవి నదిని పట్టుకొని కలకత్తాకు దిగివచ్చెను. నా అరికాలి క్రింది పలక ఏ దర్బారులో, ఏ మసీదు ముంగిట, అంతకుముందు ఏ గుడి మంటపమున పడియుండెనో ఎవరు చెప్పగలరు? దానికి మాత్రము మోయుట తప్ప వేరు మతము ఉండియుండదు.

బలిపీఠమునకు ఎడమవైపు గోడకు జొహాన్ జోఫనీ వ్రాసిన పెద్ద పటమొకటి వ్రేలాడుచున్నది; ప్రభువు కడరా భోజనము. 1787లో, చర్చి ప్రతిష్ఠ నాటికే, ఆ చిత్రకారుడు దానిని కానుకగా ఇచ్చెను. ఐరోపాలో ఈ ఘట్టమును వ్రాసినవారు పలువురు కలరు. కాని అపొస్తలుల ముఖములకు ఊరివారి ముఖములను ఇంత ధైర్యముగా అరువు తెచ్చినవారు అరుదు. క్రీస్తు ముఖము పార్థీనియో అను గ్రీకు గురువుది. యోహాను ముఖము బ్లాకియరు అను మేజిస్ట్రేటుది. ఇస్కరియోతు యూదా ముఖము, తల్లో అను వేలంపాటల వ్యాపారిది. ఆదివారమునాడు ఆ వేలంపాటలవాడు ఈ బల్లల మీద కూర్చుండి ప్రసంగము వినుచు, ఎదుటి గోడ మీద తన ముఖమే ముప్పది వెండినాణెముల వైపు చూచుచుండగా ఏమనుకొనెనో, అతని ప్రక్కవారు మోచేతులతో ఎట్లు పొడుచుకొనిరో తలచుకొన్నప్పుడు నాకు నవ్వు ఆగలేదు. చిత్రకారునితో పగ పెట్టుకొనరాదన్న నీతి మన చాటుకవులను పోషించిన జమీందారులకు తెలిసినంతగా కలకత్తా వర్తకులకు తెలియలేదు కాబోలు.

ఆ పటమునకు దగ్గరగా జరిగి క్రిందిభాగమును పరిశీలింపుడు. అక్కడ తమలపాకు నమలువారు వాడు ఉమ్మితొట్టి యొకటి ఉన్నది. ప్రక్కన భిస్తీవాడు భుజమున వేసికొను తోలు నీటితిత్తి ఉన్నది. బంట్రోతులు ధరించు వంపుకత్తి ఉన్నది. యెరూషలేము మేడగదికి వీటిని తెచ్చినదెవరు? కలకత్తా బంగళాలో విందు జరిగినప్పుడు బల్ల క్రింద ఏమేమి ఉండెడివో జోఫనీ వానినే వ్రాసెను. నాకు ఈ పటమునందు అన్నిటికంటె పవిత్రముగా కనబడినది ఆ నీటితిత్తి. దాని మెడ దగ్గరి ముడుతలు, తడిసి నల్లబడిన తోలు, చిత్రకారుడు ఎంతో శ్రద్ధతో తీర్చినవి. పండ్రెండుగురు శిష్యులలో కొందరి కన్నుల కంత శ్రద్ధ దక్కలేదు. పేరులేని ఆ నీళ్లవాడు పటములో లేడు, అతని తిత్తి మాత్రము శిష్యులతోపాటు విందునందు ఉన్నది.

వసారాలో లేడీ కానింగు స్మారకము ఉన్నది. ఆమె 1861లో అడవిజ్వరము తగిలి మరణించి బారక్‌పూరులో, నది ఒడ్డున సమాధియైనది. స్మారకశిలను మాత్రము ఎండవానలకు చెడుచున్నదని పెరికి తెచ్చి తుదకు ఈ నీడకు చేర్చిరి. సమాధి అక్కడ, దాని మీది రాయి ఇక్కడ. బంగాళీలు ఆమెను మరువకుండుటకు రాతి సాయము కోరలేదు. లేడికెని అను పేర, పాకములో నానిన ఒక మిఠాయిని చేసి తినుచున్నారు.

తోటలోనికి దిగినప్పుడు ఎండ ఏటవాలైనది. తాటిజాతి చెట్లు, పచ్చిక, తోటమాలి చేతిలోని గొట్టము నుండి పడు నీటికి మట్టివాసన. మావైపు క్రైస్తవులు తమ శ్మశానమును 'సమాధుల తోట' అందురు. నవంబరు నెలలో సమాధుల పండుగనాడు కుటుంబములు కుటుంబములే వచ్చి, రాళ్లు కడిగి, సున్నము కొట్టి, బంతిపూలు పరచి, కొవ్వొత్తులు వెలిగించి, చీకటిపడువరకు అక్కడనే కూర్చుండి పోయినవారిని గూర్చి నవ్వుచు ఏడ్చుచు చెప్పుకొందురు. ఈ తోటలోని వారికట్టి బంధువులు లేరు. వీరి పండుగకు వచ్చువారు చరిత్ర పుస్తకము చేతబట్టుకొన్న నావంటి పరాయివారు మాత్రమే. ఆ మాటకు వచ్చినచో ఇది తోటయు కాదు, శ్మశానమును కాదు. పారవేయుటకు చేతులాడనివి, నట్టింట పెట్టుకొనుటకు మనసొప్పనివి నగరమువారు ఒక్కొక్కటిగా తెచ్చి పడవేసిన అటక. చనిపోయినవారిని పాతుట ఇక్కడ 1760 ప్రాంతములలోనే చాలవరకు నిలిచిపోయినది. 1802లో శిథిలమైన పాత సమాధులను పడగొట్టి, మిగిలిన శాసనఫలకములను ఒకచోట, జాబ్ చార్నాకు సమాధిమందిరము చుట్టును పరచిరి. కావున ఆ ఫలకముల మీద ఇక్కడ పరుండినవాడు అని చదివినంతమాత్రమున, వాడు అక్కడ ఉన్నాడని నమ్మవలదు.

చార్నాకు కంపెనీ ఉద్యోగి. 1690 ఆగస్టు 24న సూతానుటి రేవున దిగి, సూతానుటి, గోవిందపురము, కలికాత అను మూడు పల్లెల ఎడ కలకత్తాకు విత్తనము వేసినవాడని ఆంగ్లేయులు చెప్పికొనిరి. సతీసహగమనమునకు సిద్ధపడిన ఒక యువతిని చితినుండి తప్పించి కాపురము చేసెననియు, ఆమె పోయిన పిమ్మట ఏటేట ఆమె సమాధి మీద కోడిని బలి యిచ్చెడివాడనియు కెప్టెన్ హామిల్టను అను ఓడవాడు వ్రాసిపెట్టెను. ఓడవారి కబుర్లను ఎంతవరకు నమ్మవలెనో అంతవరకు నమ్మవచ్చును. 1693 జనవరిలో చార్నాకు చనిపోగా అల్లుడు చార్లెస్ ఐరు ఎనిమిది మూలల మందిరము కట్టించెను. ఇటుకపని, తురకపోకడ, లోపల లాటిను శాసనము. ఊరివారికి ఈ స్థాపకుని కథ ఎన్నడును రుచింపలేదు. ఊళ్లు ఒకడు పడవ దిగినంతనే పుట్టవని, అంతకుముందే అక్కడ సంతలు, నేతగాండ్రు, కాళీఘట్టపు యాత్రికులు ఉండిరని, ఆ మూడు పల్లెలకు హక్కుదారులైన సాబర్ణ రాయ్ చౌధురీల వంశమువారు న్యాయస్థానమునకెక్కిరి; 2003లో ఉన్నత న్యాయస్థానము చార్నాకు స్థాపకుడు కాడనియు, నగరమునకు పుట్టినరోజు లేదనియు తీర్పు చెప్పెను. ఆ న్యాయస్థానపు కిటికీలకును, చార్నాకు పరుండిన చోటికిని నడుమ గట్టిగా కేకవేసిన వినబడునంత దూరమే.

ఆ తీర్పు నాకు సమంజసముగానే తోచినది. కాని చార్నాకునకు దానితో నష్టమేమియు లేదు, ఏలననగా అతని పేరు మరియొక చోట, న్యాయస్థానములు చేరజాలనిచోట, నాటుకొని యున్నది. అతని సమాధిఫలకమునకు కావలసిన రాయి బంగాళమున దొరకక, మద్రాసు దగ్గరి పల్లావరము నుండి వచ్చినది. రెండువందల సంవత్సరములకు, 1893లో, భూగర్భశాస్త్రవేత్త థామస్ హాలండు ఆ శిలాజాతిని వర్ణించుచు, ఈ ఫలకమును జ్ఞప్తి యుంచుకొని దానికి చార్నొకైటు అని పేరుపెట్టెను. ఒంగి చూచితిని. నీలి తొణికిసలాడు ముదురు బూడిదవన్నె, నూనెచేయితో తుడిచినట్లు ఒక జిడ్డునిగ్గు, అందులో అక్కడక్కడ మెరయు స్ఫటికపు రేణువులు. ఈ రాతిని నేనెరుగుదును. విశాఖ మన్యమునుండి కొండపల్లివరకు మన తూర్పు కనుమలలో గుట్టలు గుట్టలుగా ఉన్నది ఈ రాయే. మన క్వారీలలో తుపాకిమందు పెట్టి పేల్చి, కంకరగా కొట్టి, రోడ్లకు పోయునది ఈ రాయే. మన కొండల నెన్నడును చూడని ఒక వర్తకుని పేరు, అతడు పుట్టుటకు కోట్ల యేండ్ల పూర్వమునుండి ఉన్న ఆ కొండలకు పెట్టబడినది. ఊరిని నేనే స్థాపించితినన్నవాని మాటను కొట్టివేయవచ్చును. కొండకు పేరైనవానిని ఏ వకీలు కదలింపగలడు?

అదే మందిరమున మరియొక ఫలకము, వైద్యుడు విలియం హామిల్టనుది, మీద ఆంగ్లము, క్రింద పారసీ. చర్చి శిఖరమునకు పునాది త్రవ్వుచుండగా అది బయటపడినది. ఇతడు ఢిల్లీకి పోయిన కంపెనీ రాయబారముతో వెళ్లి ఫరూఖ్‌సియరు పాదుషా రోగమును కుదిర్చెను. 1717లో కంపెనీకి దక్కిన ఫర్మానాకు ఈ చికిత్సయే కారణమని చిరకాలము చెప్పుకొనిరి. ఆ రాయబారుల అర్జీలలో బంగాళపు సుంకముల మాటయే కాక, బందరు చెంతనున్న మన దివిసీమను తమకిప్పింపుమన్న కోరిక కూడ ఉన్నది. ఢిల్లీలో ఒక పాదుషా పుండు మానినందుకు, కృష్ణ సముద్రమున కలియుచోట వరిచేలు దున్నుకొనువాని భవితవ్యము త్రాసులోనికెక్కినది. వైద్యుడు మాత్రము ఆ యేడే డిసెంబరులో కన్నుమూసెను.

ఈ తోటలో నాకు మిక్కిలి నచ్చిన మనిషి బేగం జాన్సను. ఫ్రాన్సెస్ క్రోకు ఆమె పుట్టింటి పేరు; కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోట దొరగారి కుమార్తె. మొదటి భర్త ఒక గవర్నరు మేనల్లుడు, చనిపోయెను. రెండవవాడు పెండ్లియైన పండ్రెండు దినములు తిరుగకుండ మశూచికముతో పోయెను. మూడవవాడు కాసింబజారు కొఠీ పెద్ద విలియం వాట్సు. ప్లాసీకి ముందు మీర్‌జాఫరుతో మంతనములు నడపినవాడు. 1756లో సిరాజుద్దౌలా కాసింబజారును పట్టుకొన్నప్పుడు ఆమెయు పిల్లలును బందీలు కాగా, నవాబు ఇంటి ఆడువారే వారికి తమ అంతఃపురమున చోటిచ్చి, పిమ్మట భద్రముగా సాగనంపిరి. ఆ ఇంటి మగవానిని కూల్చు కుట్రలో మరుసటి యేట తన భర్త చేయి యుండుటను గూర్చి ఆమె ఏమనుకొనెనో సమాధి మీద వ్రాయలేదు. తక్కిన వంశచరిత్ర యంతయు వ్రాసినది. నాలుగవవాడు పాదిరి విలియం జాన్సను, ఈ చర్చి లేచుటకు పట్టుబట్టి పాటుపడినవారిలో ముఖ్యుడు. అతడు 1788లో స్వదేశమునకు బయలుదేరినప్పుడు ఆమె రాననెను. భర్త ఓడయెక్కెను, భార్య కలకత్తాలో నిలిచెను. ఆ మీదట ఇరువదినాలుగు సంవత్సరములు ఆమె ఇల్లు పేకాట కచ్చేరులకు, పాతకబుర్లకు నగరమంతటికిని నిలయమై వెలసెను. అప్పటికి మూతబడిన ఈ శ్మశానమున తనకొక చోటు కావలెనని ఆమె కోరగా, గవర్నరు జనరలు వెల్లస్లీ మాట ఇచ్చెను. 1812 ఫిబ్రవరిలో ఆమె పోయెను. ఆ జూనులోనే ఆమె కూతురి కొడుకు, లార్డు లివర్పూలు, ఇంగ్లండునకు ప్రధానమంత్రి యయ్యెను. మనుమడు ఏలిన రాజ్యమును చూడలేదే యని మనమందుము. పేకముక్కలు కలుపుచు ఆమె దానికి పెద్దగా చింతించియుండదనియే నా ఊహ.

ప్లాసీ యేటనే చనిపోయిన నౌకాధిపతి వాట్సను స్తంభమును, రోహిల్లా యుద్ధమున కూలినవారి పేర కట్టిన పండ్రెండు స్తంభముల మంటపమును చూచి దాటవచ్చును. మంటపము అందమైనది, దాని వెనుకనున్న యుద్ధము తలచుకొనదగినది కాదు. ఆగి తీరవలసినది వాయవ్యదిశగా, చెట్ల నడుమ, కొంత తల దాచుకొన్నట్లున్న తెల్లని చలువరాతి స్తంభము దగ్గర. చీకటికొట్టు స్మారకమనగా ఇదియే.

మన బడిపుస్తకములలో చాలకాలము ఈ కథ ఉండెడిది. 1756 జూను 20 రాత్రి, పదునెనిమిది అడుగుల పొడవు, పదునాలుగు అడుగుల పది అంగుళముల వెడల్పు గల గదిలో సిరాజుద్దౌలా భటులు 146 మంది బందీలను కుక్కగా తెల్లవారుసరికి 23 మంది మిగిలిరని, మిగిలినవారిలో ఒకడైన హాల్‌వెల్ చెప్పెను. అతడే మృతుల పేర ఒక స్తంభము నిలిపెను. అది పాడుపడగా 1821లో పడగొట్టిరి, ఎవరును అడ్డుపడలేదు. రాజ్యము నడిమివయసు దాటి, తన యౌవనమును గూర్చి చెప్పికొనుట మొదలిడినప్పుడు, 1902లో కర్జను ప్రభువు అచ్చమైన చలువరాతితో దానిని మరల కట్టించి, మరికొన్ని పేర్లు వెదకి చేర్చి, డల్హౌసీ చౌకు మూలన రాకపోకలకు ఎదురుగా నిలిపెను. పనికి పోవు ప్రతి బంగాళీయు దినదినము తన జాతి మీది నేరారోపణ పత్రమును చదువుకొనుచు పోవలెను. 1940లో సుభాష్ బోసు దానిని తొలగింపవలెనని ఉద్యమము లేపెను. జూలై 3న ఊరేగింపు బయలుదేరవలసియుండగా 2వ తేదీననే అతనిని నిర్బంధించిరి. హిందువులు, ముస్లిములు ఒక్కమాటగా నిలిచిన ఆ కాలపు అరుదైన కోరికలలో ఇది ఒకటి. బంగాళపు ఫజులుల్ హక్ మంత్రివర్గము తలయొగ్గి, స్తంభమును పెకలించి, ఈ తోటలోనికి మార్పించెను. బోసు మాత్రము చెరసాలలో నిరశన పట్టి, ఇంటికి వచ్చి, 1941 జనవరిలో మారువేషమున తప్పించుకొని కాబూలు మీదుగా బెర్లినునకు పోయెను. ఆ రాయి నాలుగు వీథులు కదలినది. దానిని కదలింప బూనినవాడు ఖండములు దాటి, మరి యింటికి రాలేదు.

దానిని పిండికొట్టవలసినదని కొందరందురు. అబద్ధమును దాచిపెట్టుట యెందుకని వారి వాదము. నాకది సమ్మతము కాదు. నాలుగు వీథుల కూడలిలో నిలిపినప్పుడు ఆ రాయి ఆజ్ఞాపించుచుండెను, ఇక్కడ వచ్చి నిలిచినప్పుడు సాక్ష్యము చెప్పుచున్నది. ఆ రాత్రి కొందరు ఊపిరాడక చచ్చిరనుట సత్యము, వారి సంఖ్యను పెంచి వ్రాసిరనుట సత్యము, పెంచిన సంఖ్యతో ఒక రాజ్యమును సమర్థించుకొనిరనుట అంతకంటె సత్యము. ఈ మూడిటిని ఒక్కచోట చూపగల వస్తువు మరి యెక్కడ దొరకును? అక్షయకుమార మైత్రేయుడు ఈ కథను మొదట గట్టిగా ప్రశ్నించెను. పిమ్మట లిటిల్ అను ఆంగ్లేయుడే హాల్‌వెల్ మాట నమ్మదగినది కాదని వాదించెను. వీరిద్దరికంటె నాకు నచ్చినవాడు భోలానాథ్ చందర్. అతడు ఆ కొలతకు సరిగా వెదురుదడి కట్టించి, తన రైతులను పిలిచి అందులో నిలిపి చూచెననియు, ఎంత ఒత్తినను 146 మంది పట్టలేదనియు చెప్పుదురు. చరిత్రపరిశోధనకు ఇంతకంటె చౌకయైన పద్ధతి నేను వినలేదు.

నేను పోవునప్పటికి న్యాయస్థానపు గుమాస్తాలు కాబోలు, నల్లకోటు చేతిమీద వేసికొన్న ఇద్దరు యువకులు, కాగితపు పొట్లములలో ఝాల్‌మురీ తినుచు ఆ స్తంభము చుట్టును తిరుగుచు, చెక్కిన పేర్లను లెక్కించుచుండిరి. ఒకని లెక్కకు మరియొకని లెక్క కుదరలేదు. ఒక ముఖమును నీవు రెండుమార్లు లెక్కపెట్టితివని ఒకడు, నీవొక ముఖమునే విడిచితివని మరియొకడు వాదించుకొని, నన్ను మధ్యవర్తిగా పిలిచిరి. బంగాళీ లిపిలో అంకెలే నాకు సరిగా రావని చెప్పగా, పేర్లు ఆంగ్లములోనే యున్నవి కదా యని వారు నవ్విరి. అది నిజమే. వారు తూర్పుముఖము నుండి, నేను పడమటి ముఖము నుండి, మొదటికి వచ్చి మరల లెక్క మొదలుపెట్టితిమి.